డిష్ ఎటు చూస్తోంది?

ఏలూరులో కైకలూరు బస్సెక్కితే కాసేపటికి కొల్లేరు వస్తుంది. రోడ్డుకు రెండు వైపులా నీళ్లు. చేపల చెరువులు. గట్ల మీద కాపలా పాకలు. దూరంగా లంక గ్రామాలు. ఆ ఇళ్ల మీద గుండ్రటి డిష్‌లు కనబడతాయి. డాబా మీద ఒకటి. రేకుల ఇంటి గోడకు ఒకటి. చెరువు గట్టున పాక పక్కన గుంజకు కట్టింది ఇంకొకటి.

ఈసారి ఆ దారిన వెళ్లేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఆ డిష్‌లలో ఒక్కటి కూడా ఉత్తరానికి చూడదు. కొన్ని దక్షిణానికి చూస్తాయి. చాలా వాటి మొహం ఆగ్నేయానికి ఉంటుంది. తాడేపల్లిగూడెంలో చూసినా అంతే. ఏలూరు పవర్‌పేటలో చూసినా అంతే.

ఎందుకని? వాస్తు కోసం మాత్రం కాదు. ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే టీవీ సంగతి సగం తెలిసినట్టే. మిగతా సగం, నెలనెలా మన చేతిలోంచి పోయే డబ్బు సంగతి.

ఏరి పట్టేది ట్యూనర్

టీవీలో కనబడే బొమ్మ టీవీలో పుట్టదు. ఎక్కడో ఒకచోట నుంచి పంపిస్తారు. అది తరంగాల మీద ఎక్కి వస్తుంది. ఈ తరంగాలు కంటికి కనబడవు. చెవికి వినబడవు. పగలూ రాత్రీ మన ఇంటి మీద పడుతూనే ఉంటాయి. టీవీ కట్టేసి పడుకున్నా పడుతూనే ఉంటాయి.

ఒకటి కాదు, ఎన్నో తరంగాలు ఒకేసారి వస్తాయి. వాటిలో మనకు కావలసిన దాన్ని ఏరి పట్టుకునే భాగాన్నే ట్యూనర్ అంటారు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో పొద్దున్నే ఎంత గోలగా ఉంటుంది! వందమంది అరుస్తుంటారు. అంత గోలలోనూ ఎవరైనా మన పేరు పెట్టి పిలిస్తే చెవి ఇటే తిరుగుతుంది. ట్యూనర్ చేసేది ఆ పనే. పాత రేడియోలో ముల్లు తిప్పి విజయవాడ స్టేషను పట్టుకునేవాళ్లం కదా. అప్పుడు మన చేత్తో తిప్పింది ట్యూనర్‌నే. ఇప్పుడు రిమోటు మీద అంకె నొక్కితే అదే తిరుగుతుంది.

ఒక్కో తరంగం సెకనుకు ఇన్నిసార్లు అని లెక్కగా ఊగుతుంది. ఆ లెక్కను బట్టే ట్యూనర్ దాన్ని గుర్తుపడుతుంది.

ఇనుప గొట్టాల రోజులు

మన దేశంలో టీవీ ప్రసారం 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. హైదరాబాదులో 1977 అక్టోబరు 23న మొదలైంది. ఆ తర్వాత నెల తిరగకుండానే, నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది చనిపోయారు. హైదరాబాదు టవరు తరంగాలు అప్పటికి సముద్రతీరం దాకా రావు. తీరం జనానికి టీవీ ద్వారా ముందు హెచ్చరిక అన్న మాటే లేదు.

టవరు తరంగం చాలావరకు తిన్నగా పోతుంది. భూమి గుండ్రం కాబట్టి కొంత దూరం పోయాక తరంగం మన తలమీదుగా పైకి వెళ్లిపోతుంది. అందుకే టీవీ కొత్తల్లో మన పల్లెల్లో పొడుగాటి ఇనుప గొట్టాలు పాతి, వాటి పైన అల్యూమినియం పుల్లల యాంటెనా కట్టి, విజయవాడ వైపు తిప్పేవారు. 1987లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చే వేళకు ఊరంతా టీవీ ఉన్న ఒక ఇంట్లోనే కూర్చునేది. గాలికి గొట్టం తిరిగితే బొమ్మ మీద చీమలు పాకినట్టు ఉండేది. ఒకరు గొట్టం తిప్పుతూ ఉండాలి. ఒకరు లోపలి నుంచి కేక వెయ్యాలి.

ఆ టవర్ల ప్రసారం ఇప్పుడు దాదాపుగా లేదు. 2021 చివరికల్లా దూరదర్శన్ దేశంలో పాత పద్ధతి టవర్ల ప్రసారాన్ని దాదాపుగా ఆపేసింది. ఇంటి మీద ఇంకా ఆ పాత యాంటెనా ఉంటే అది పక్షులు వాలడానికే పనికొస్తుంది. తీసేసి పాత ఇనుము వాడికి వెయ్యడం మేలు. కరెంటు తీగలు దగ్గరలో ఉంటే మాత్రం గొట్టం దించడానికి ఒక్కరే దిగకూడదు. గొట్టం తీగకు తగిలితే ప్రాణం పోతుంది.

ఆకాశంలో నిలబడ్డ టవరు

టవరు ఎంత ఎత్తుగా ఉంటే అంత దూరం కనబడుతుంది. మరి టవరును ఆకాశంలోనే పెడితే? ఆ ఆలోచనే ఉపగ్రహం.

మన దేశంలో దీన్ని మొదట పరీక్షించింది 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా. అమెరికా వాళ్ల ఉపగ్రహాన్ని ఏడాది పాటు అడిగి తీసుకున్నారు. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి. వ్యవసాయం, ఆరోగ్యం, బడి పాఠాలు చూపించారు. అప్పటి డిష్ ఎంత ఉండేదో తెలుసా? అడ్డంగా పది అడుగులు. కోళ్ల గూళ్లకు కట్టే ఇనుప వలతో చేశారు. ఇప్పటి డిష్ రెండడుగులే. ఇప్పటి ఉపగ్రహాలు బలంగా పంపుతాయి. తరంగాలు కూడా మరీ వేగంగా ఊగేవి. అందుకే చిన్న పళ్లెం చాలుతోంది.

ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగేసరికి అది కూడా భూమి చుట్టూ ఒకసారి తిరిగి వస్తుంది. అందుకని మనకు అది కదలకుండా ఒకేచోట ఉన్నట్టు ఉంటుంది. కానీ అలా నిలిచి ఉండడం భూమధ్యరేఖకు పైనే సాధ్యం. భూమధ్యరేఖ ఎక్కడుంది? కన్యాకుమారి దాటి, శ్రీలంక దాటి, ఇంకా దక్షిణాన సముద్రం మీద ఉంది. మనం దానికి ఉత్తరాన ఉన్నాం. అందుకే మన డిష్ ఏదీ ఉత్తరానికి చూడదు.

మరి ఆగ్నేయం ఎందుకు? దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ప్రసారాలు జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి వస్తాయి. దీన్ని 2015 నవంబరులో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుంచి పైకి పంపారు. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఏలూరు 81 డిగ్రీల దగ్గర ఉంది. అంటే అది మనకు దక్షిణానా ఉంది, తూర్పుకూ జరిగి ఉంది. దక్షిణం, తూర్పు కలిసిన మూల ఆగ్నేయం. లెక్క సరిగ్గా చెప్పాలంటే ఆగ్నేయం కన్నా రవ్వంత దక్షిణానికి. వేరే కంపెనీల ఉపగ్రహాలు వేరే చోట్ల ఉన్నాయి. అందుకే పక్కింటి డిష్ చూసి మన డిష్ పెట్టేయకూడదు. ముందు వాళ్లది ఏ కంపెనీయో అడగాలి.

అంకెలుగా మారిన బొమ్మ

పాత ప్రసారానికీ ఇప్పటి డిజిటల్ ప్రసారానికీ తేడా ఏమిటి?

కాలువ అవతలి గట్టు నుంచి ఒకామె పాట పాడుతోంది అనుకుందాం. గాలి ఎదురుగా వస్తే పాట సన్నగా వినిపిస్తుంది. ముక్కలు ముక్కలుగా అయినా పాటేనని తెలుస్తుంది. పాత టీవీ అలాంటిది. చీమలు పాకినా మనిషి కనబడేవాడు.

అదే ఆమె అవతలి నుంచి ఫోను నెంబరు కేకేసి చెబుతోంది అనుకుందాం. పది అంకెలూ వినబడితే నెంబరు పక్కా. ఒక్క అంకె కూడా తప్పు ఉండదు. రెండు అంకెలు వినబడకపోతే ఆ నెంబరు పనికిరాదు. డిజిటల్ అలాంటిది. బొమ్మనూ మాటనూ సున్నాలు, ఒకట్లుగా మార్చి పంపుతారు. అందితే బొమ్మ అద్దంలా ఉంటుంది. సగం అందితే గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతుంది. ఇంకా తగ్గితే ఏమీ రాదు.

ఇలా మార్చడం వల్ల ఇంకో లాభం ఉంది. ఒక పాత ఛానలు పట్టే చోటులో ఇప్పుడు ఎన్నో ఛానళ్లు పడతాయి. బొమ్మలో మారని భాగాన్ని మళ్లీ మళ్లీ పంపరు. వార్తలు చదివే ఆమె వెనక గోడ కదలదు. దాన్ని ఒకసారి పంపితే చాలు. ఆమె పెదవులు కదిలిన మేరకే కొత్తగా పంపుతారు.

కేబులు కూడా ఇలాగే మారింది. 2011లో చట్టం సవరించారు. పట్టణాలకు 2015 డిసెంబరు 31 అని, పల్లెలకు 2016 డిసెంబరు 31 అని గడువు పెట్టారు. పల్లెల గడువు మళ్లీ 2017 మార్చి 31కి జరిగింది. ఆ రోజుల్లోనే కేబులు కుర్రాళ్లు ఇంటింటికీ వచ్చి బాక్సు పెట్టించుకోమన్నారు. పాత టీవీకి అంకెల భాష రాదు. ఆ భాష చదివి బొమ్మగా మార్చి ఇచ్చేదే బాక్సు. బాక్సులోనూ ఒక ట్యూనర్ ఉంటుంది.

మూడు అక్షరాలు

దుకాణంలో కొత్త టీవీ అట్టపెట్టె మీద "డిజిటల్ ట్యూనర్ ఉంది" అని రాసి ఉంటుంది. దుకాణం అబ్బాయి కూడా ఆ మాటే చెబుతాడు. "బాక్సు అక్కర్లేదండీ, అన్నీ లోపలే ఉన్నాయి" అంటాడు. ఇంటికొచ్చాక బొమ్మ రాదు. ఇక్కడ మోసపోకుండా ఉండాలంటే ఇంగ్లీషు అక్షరాలు మూడు గుర్తుపట్టాలి. మూడే.

డీవీబీ అనే మాట తర్వాత ఒక అక్షరం ఉంటుంది. టి అక్షరం గుంజ మీద అడ్డకర్ర పెట్టినట్టుంటుంది. అది నేల మీది టవరు కోసం. ఈ కొత్త రకం టవరు ప్రసారాన్ని మన దేశంలో కొన్ని పెద్ద నగరాల్లోనే పెట్టారు. కొల్లేటి లంకలో దానితో పనిలేదు. సి అక్షరం విరిగిన గాజు ముక్కలా ఉంటుంది. అది కేబులు కోసం. కానీ మన దగ్గర కేబులు వాళ్లు ఛానళ్లకు తాళం వేసి పంపుతారు. వాళ్ల బాక్సు లేకుండా ఆ తాళం రాదు. ఎస్ అక్షరం పాములా వంకర తిరిగి ఉంటుంది. పక్కన 2 అంకె కూడా ఉంటుంది. అదే ఉపగ్రహం కోసం. పాము అక్షరం ఉన్న టీవీకి డిష్ తీగ నేరుగా పెట్టుకోవచ్చు. తాళం లేని ఛానళ్లు బాక్సు లేకుండానే వస్తాయి. ఇలాంటి టీవీలకు భారత ప్రమాణాల సంస్థ 2022 సంవత్సరం పేరుతో ఒక ప్రమాణం కూడా విడుదల చేసింది.

పెట్టె మీద పాము అక్షరం లేకపోతే బాక్సు కొనాలి. కొనేటప్పుడు ఎంపెగ్-4 రకమా అని అడగాలి. పాత రకం బాక్సులో కొన్ని ఛానళ్లు అసలు కనబడవు.

డబ్బు లెక్క

దూరదర్శన్ ఈ ఉచిత డిష్ ప్రసారాన్ని 2004 డిసెంబరు 16న మొదలుపెట్టింది. అప్పటి పేరు డీడీ డైరెక్ట్ ప్లస్. తర్వాత డీడీ ఫ్రీ డిష్ అన్నారు. డిష్, బాక్సు, తీగ ఒక్కసారి కొనుక్కోవాలి. ఆ తర్వాత నెలనెలా ఏమీ కట్టనక్కర్లేదు. రీచార్జి అనే మాటే లేదు. ఎవరైనా వచ్చి "ఫ్రీ డిష్‌కి ఏడాది డబ్బులు కట్టాలి" అంటే వాళ్లకు ఇవ్వకూడదు.

మంచీ చెడూ రెండూ చెప్పుకోవాలి. ఉచిత డిష్‌లో తెలుగు తక్కువ. విజయవాడ దూరదర్శన్ వారి సప్తగిరి వస్తుంది. హైదరాబాదు వారి యాదగిరి వస్తుంది. 2014లో రాష్ట్రం రెండయినప్పుడు ఇవి రెండయ్యాయి. పిల్లల పాఠాల ఛానళ్లు ఉంటాయి. 2020లో కరోనాకు బడులు మూసినప్పుడు సప్తగిరిలో పదో తరగతి పాఠాలు చెప్పారు. ఫోను లేని ఇంటి పిల్లలకు అవే దిక్కయ్యాయి. మిగతా ఛానళ్లు ఎక్కువగా హిందీవి. రాత్రి ఏడింటికి ఫలానా తెలుగు సీరియలు కావాలనే ఇంట్లో ఇది సరిపోదు. ఆ ఇంటికి కేబులో, డబ్బు కట్టే డిష్షో కావాలి. అందులో తప్పేమీ లేదు. ఎంత కడుతున్నామో, దేనికి కడుతున్నామో తెలియాలి, అంతే.

ఒక లెక్క చూద్దాం. 2019 ఫిబ్రవరి 1 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. వంద ఛానళ్ల దాకా కనెక్షన్ చార్జీ 130 రూపాయలు దాటకూడదన్నారు. దాని మీద వందకు 18 రూపాయల పన్ను.

130 రూపాయలకు పన్ను 23 రూపాయల 40 పైసలు.
మొత్తం 153 రూపాయల 40 పైసలు.
పన్నెండు నెలలకు 1,840 రూపాయల 80 పైసలు.

ఇది తాళం లేని ఛానళ్లకే. తాళం ఉన్న ఛానలు ఒక్కోదానికి ధర వేరు. 19 రూపాయల ఛానలు ఒకటి తీసుకుంటే పన్నుతో 22 రూపాయల 42 పైసలు అవుతుంది. కాగితం మీద రాసుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది. 2024 జూలైలో ఆ 130 రూపాయల హద్దును తీసేశారు. ఇప్పుడు ఎవరి చార్జీ వారిది. కాబట్టి ముందే అడగాలి. రసీదు తీసుకోవాలి. "ఇంట్లో చూడని ఛానళ్లు తీసెయ్యి బాబూ" అని చెప్పే హక్కు చూసేవాళ్లకు ఉంది. అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు.

వైరు దారిలో ఇంకొకటి కూడా ఉంది. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభించారు. టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఒకే తీగలో ఇచ్చారు. మొదట్లో నెలకు 149 రూపాయలని చెప్పారు. ఈ తీగలో కరెంటు బదులు వెలుగు పరుగెడుతుంది. ఇది తీసుకోవాలన్నా ఇప్పటి ధర కనుక్కోవాలి.

ఇంట్లో పాత డిష్ ఉంటే

ఒకప్పుడు డబ్బు కట్టే డిష్ పెట్టించుకుని, తర్వాత రీచార్జి మానేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పళ్లేన్ని మూలన పడేయక్కర్లేదు. అది సొంతంగా కొన్నదైతే దాన్నే ఉచిత డిష్‌కి తిప్పుకోవచ్చు. బాక్సు ఒకటి కొంటే చాలు.

ఇలా తిప్పడం ఒక్కరి వల్ల కాదు. ఒక ఇంట్లో ఎలా జరుగుతుందో చూడండి. మావగారు డాబా మీద ఉన్నాడు. కోడలు టీవీ ముందు రిమోటు పట్టుకుని ఉంది.

"అమ్మాయ్, వచ్చిందా?"

"పై గీత నిండా ఉంది మావయ్యా. కింద గీత లేదు."

పై గీత ఏమిటి? కింద గీత ఏమిటి? బాక్సు మెనూలో రెండు గీతలు కనబడతాయి. ఒకటి సిగ్నల్ స్ట్రెంగ్త్, అంటే బలం. రెండోది సిగ్నల్ క్వాలిటీ, అంటే నాణ్యత. బలం ఉంటే తీగ బాగుందనీ, డిష్ ముందున్న కొమ్ముకు కరెంటు అందుతోందనీ అర్థం. అంతే. ఆ కొమ్మును ఎల్‌ఎన్‌బీ అంటారు. పళ్లెం మీద పడిన తరంగాలు దాని మూతిలోకి చేరతాయి. బాక్సు నుంచి కరెంటు అదే తీగలో పైకి పోతుంది. నాణ్యత గీత లేచినప్పుడే డిష్ సరైన ఉపగ్రహానికి చూస్తున్నట్టు.

"కొంచెం ఎడమకి తిప్పుతున్నా. ఇప్పుడో?"

"ఉండండి మావయ్యా, గబగబా తిప్పకండి."

కోడలు చెప్పింది నిజం. బాక్సుకు అంకెలు చదవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. గోరంత తిప్పాలి. ఆగాలి. మళ్లీ గోరంత తిప్పాలి. కొద్దిగా గురి తప్పినా బొమ్మ పోతుంది. కింద గీత సగం దాటాక బోల్టులు బిగించాలి. బిగించేటప్పుడు పళ్లెం జరుగుతుంది. కోడలు అప్పటిదాకా గీతను చూస్తూనే ఉండాలి. తర్వాత ఆటో స్కాన్ నొక్కాలి. ట్యూనర్ ఒక్కొక్క ఛానలే వెతికి రాసుకుంటుంది.

దిక్కు ఎలా తెలుసుకోవాలి? తూర్పుకు తిరిగి నిలబడితే కుడిచేతి వైపు దక్షిణం. ఆ రెండింటి నడుమ ఆగ్నేయం. అక్కణ్ణించి కొద్దిగా కుడికి. ఉపగ్రహం మన ఊళ్లకు బాగా ఎత్తున ఉంటుంది. నేల నుంచి నడినెత్తి దాకా 90 డిగ్రీలనుకుంటే, అది సుమారు 66 దగ్గర ఉంటుంది. కానీ డిష్ మొహం చూస్తే అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు. కొమ్మును పళ్లెం కింది వైపున పెడతారు కదా, అందుకు. పళ్లేన్ని ఆకాశానికి వెల్లకిలా వేస్తే బొమ్మ రాదు, వాన నీళ్లు నిలుస్తాయి.

ఎత్తున ఉండటం వల్ల మనకు ఒక మేలుంది. దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు అడ్డం రాదు. డిష్ కన్నా చెట్టు ఇరవై అడుగులు ఎత్తు ఉంటే, దాని ఆకులు డిష్‌కు పది అడుగుల అవతల ఉండాలి. ఎత్తులో సగం దూరం చాలునన్న మాట. డిష్‌కు ఆగ్నేయాన ఉన్న చెట్టుకే ఈ లెక్క. వెనక ఎంత చెట్టున్నా పరవాలేదు.

వానలో

కొల్లేటి వాళ్లకు వాన సంగతి వేరే చెప్పనక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ నీళ్లన్నీ ఇక్కడికే వస్తాయి. ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోయేదాకా లంకలు బిక్కుబిక్కుమంటూ ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. తర్వాత ఆ నీళ్లు కొల్లేరు చేరాయి. అలాంటప్పుడు టీవీలో వార్త తెలియడం ఎంత అవసరమో!

కానీ డిష్‌కు వచ్చే తరంగాలు సెకనుకు వెయ్యి కోట్ల సార్లకు పైగా ఊగుతాయి. అంత సన్నని తరంగాన్ని లావుపాటి వాన చినుకులు మింగేస్తాయి. తుంపరకు ఏమీ కాదు. కుండపోతకు బొమ్మ విరిగిపోతుంది. అంటే వార్త బాగా కావలసిన వేళకే డిష్ చేతులెత్తేస్తుంది. కరెంటు కూడా అప్పుడే పోతుంది. అందుకే తుఫాను హెచ్చరికను వాన రాకముందే, ఆకాశం తేటగా ఉన్నప్పుడే వినాలి. బ్యాటరీలతో పనిచేసే చిన్న రేడియో ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. రేడియో తరంగం నిదానంగా ఊగుతుంది. దాన్ని చినుకులు ఆపలేవు.

ఉరుములు మొదలవక ముందే బాక్సు వెనక తీగ ఊడదీయాలి. ప్లగ్గు కూడా పీకాలి. ఉరుములు మొదలయ్యాక తీగనూ ప్లగ్గునూ ముట్టుకోవద్దు, డాబా ఎక్కవద్దు.

చాలామంది వానలో బొమ్మ పోగానే డిష్ జరిగిందనుకుంటారు. గొడుగు వేసుకుని పైకెక్కి తిప్పేస్తారు. వాన వెలిశాక అప్పుడు నిజంగానే బొమ్మ రాదు. మనిషిని పిలవాలి, డబ్బు ఇవ్వాలి. అలా చెయ్యకూడదు. వాన వెలిసి, చివరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగాలి. తీగ పెట్టి బాక్సు వెయ్యాలి. అప్పటికీ రాకపోతే ముందు కొమ్ము మూతి చూడాలి. కొల్లేటి ఊళ్లలో కందిరీగలు అక్కడ మట్టిగూడు కడుతుంటాయి. తీగ కొస దగ్గర పచ్చటి తుప్పు పట్టిందేమో చూడాలి. ఆ కొసను అంగుళం కోసి, కొత్తగా బిగించి, పైన ప్లాస్టిక్ కాగితం చుడితే చాలాసార్లు బొమ్మ వచ్చేస్తుంది.